రబ్బరు మడత

బయటికి వెళ్ళే ముందు సుహాసిని పడకగది తలుపు దగ్గరగా వేసి, చెయ్యి పైకెత్తి, తన చంక తాను వాసన చూసుకుంటుంది. తర్వాత భుజం మీది పైట. తర్వాత కుచ్చిళ్ళు. స్నానం చేసి పావుగంట కాలేదు. పటిక రాసింది, దాని మీద పౌడరు అద్దింది. అయినా వస్తుంది. వానకు తడిసి మూల పడేసిన గోనెపట్టా వాసన. చీర కట్టుకున్నప్పుడు అంతగా తెలియదు. నాలుగడుగులు నడిచి చెమట పట్టగానే లేస్తుంది. నలభై ఏడేళ్ళకి ఒంట్లో ఇలాంటిది మొదలవుతుందని ఆమెకి ముందుగా ఎవరూ చెప్పలేదు. మొదలయ్యాక మాత్రం అందరూ చెప్పారు.

మొదట అత్తగారు చెప్పింది. బాలత్రిపురసుందరి అనదలచుకున్నది గోడకి అన్నట్టు అంటుంది. "ఏమిటో, ఈ మధ్య ఇంట్లో మనిషి పక్కనుంచి వెళ్తే తెలిసిపోతోంది. మా రోజుల్లో ఆ వయసొస్తే ఆడవాళ్ళు రెండు పూటలా తలకి పోసుకునేవాళ్ళు." భర్త కృష్ణచైతన్య చేతిలో పేపరు దించలేదు. కొన్నాళ్ళకి దిండు తీసుకుని కూతురి గదిలోకి మారాడు. కూతురు వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, గది ఖాళీ. "నీ గురకకి నిద్ర పట్టట్లేదు" అన్నాడు. ఆమె గురక పెడుతుందని పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. గురక అన్నది మర్యాదకని, అసలు మాట వేరే ఉందని ఆమెకి అర్థమైంది. పైకి అననందుకు మనసులో దణ్ణం కూడా పెట్టుకుంది.

నారాయణగూడలో లేడీ డాక్టరు దగ్గరికీ వెళ్ళారు. షుగరు చూశారు, థైరాయిడ్ చూశారు. అన్నీ సరిగానే ఉన్నాయి. "మీకు తెలుస్తోందా అండీ?" అని డాక్టరు కృష్ణచైతన్యని అడిగింది. ఆయన కాస్త ఆలోచించి "వస్తుంది డాక్టర్" అన్నాడు. సుహాసిని బల్ల మీది పేపర్‌వెయిట్ వంక చూస్తూ కూర్చుంది. మనిషి ఎదురుగా ఉండగా ఆ మనిషి కంపు గురించి ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఎటు చూడాలో ఆమెకి తెలియలేదు. "వయసు కదా. నీళ్ళు బాగా తాగండి, నూలు బట్టలు కట్టుకోండి" అంది డాక్టరు. ఆమె కట్టుకునేవి నూలు చీరలే.

ఇదంతా ఇంట్లో సంగతి. ఇంట్లో ఏది పోయినా సర్దుకోవడం ఆమెకి వచ్చు. సర్దుకోలేనిది ఒక్కటే ఉంది. అది అశోక్‌నగర్‌లో ఉంది.

అక్కడ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లో ఆమె భూగోళం చెబుతుంది. చిక్కడపల్లి నుంచి నడిచే వెళ్తుంది. జిరాక్సు దుకాణాలు, మెస్సుల బోర్డులు, ఫుట్‌పాత్ మీద పుస్తకాలు, వాటి మధ్య ఉద్యోగం రాని పిల్లలు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఆమెను చూసి గ్లాసు పక్కన పెట్టి నమస్తే పెడతారు. క్లాసులో బోర్డు మీద గోదావరిని సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతలో గీస్తుంది. నాసిక్ దగ్గర మొదలుపెట్టి, ఉపనది వచ్చి కలిసే చోట చెయ్యి ఆపి వెనక్కి తిరుగుతుంది. ఇంట్లో ఆమె మాట మధ్యలో ఆగితే ఎవరూ పూరించరు. ఆగిందని కూడా గమనించరు. ఇక్కడ గది మొత్తం ఒక్క గొంతుతో "మంజీర" అంటుంది. ఆ ఒక్క మాట కోసం ఆమె పొద్దున లేచినప్పటి నుంచి చేసే చాకిరీ అంతా చేస్తుంది.

ఒకరోజు డైరెక్టర్ రాఘవేందర్ ఆమెని తన గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించి, తన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఆ జరుపుకోవడంతోనే ఆమెకి విషయం తెలిసిపోయింది.

"మేడం, ఒక మాట చెప్త, కోపం చేస్కోవద్దు. మీరు నాకు అక్క లెక్క."

"చెప్పండి."

"ఏసీ హాలు గద. కిటికీలు తెరవరాదు. ముంగట కూసునే పిల్లలు జర పరేషాన్ అయితున్నరు. ఏదో వాసన అంటున్నరు. నేనైతే ఉరికిచ్చిన, మేడంను గట్ల అంటరా అని. కానీ నలుగురైదుగురు చెప్పిన్రు." చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. "గందుకే ఒక పని చేద్దాం. మీరు పైన రికార్డింగ్ రూంల వీడియోలు చెయ్యున్రి. హాల్ల క్లాసు అనుదీప్ సార్ చూస్కుంటడు. మీ జీతం మీదే, ఏం ఫరక్ పడది."

ఆమె సరే అంది. ఏదైనా అనడానికి నోరు తెరిస్తే అక్కడి నుంచి కూడా వస్తుందేమోనని భయం వేసింది.

రికార్డింగ్ గదిలో ఒక కెమెరా, వెనక ఆకుపచ్చ గుడ్డ. బోర్డు లేదు, సుద్దముక్క లేదు. పటం వాళ్ళే తర్వాత పెడతారట. మంజీర దగ్గర అలవాటు కొద్దీ ఆగింది. అద్దం అవతల కుర్రాడు చెయ్యి ఊపాడు, "ఆగొద్దు మేడం, నడవనియ్యున్రి." తానే ప్రశ్న వేసి తానే జవాబు చెప్పుకుంది. ఇంట్లో మాట్లాడుకున్నట్టే ఉంది.

మెట్ల మీద నవత కనిపించింది. నల్గొండ పిల్ల, హాస్టల్లో ఉండి మూడోసారి పరీక్షకి కూర్చుంటోంది. సుహాసిని రెండు మెట్లు పైనే ఆగిపోయింది, ఆ పిల్ల ముక్కుకి తగలకుండా.

"మేడం, ఎప్పుడొస్తరు కిందికి?"

"వీడియోలు చూస్తున్నావుగా."

"చూస్తున్న. డౌట్ వస్తే ఏం చెయ్యాలె? వెనుకకు జరిపి మళ్ళ చూస్తే మీరు మళ్ళ గదే మాట చెప్తున్రు. అంతకన్న ఒక్క ముక్క ఎక్కువ చెప్తలేరు!" నవత నవ్వింది. సుహాసిని కూడా నవ్వి, చీర చెంగు దగ్గరికి లాక్కుని, గోడ పక్కగా దిగి వెళ్ళిపోయింది.

చిక్కడపల్లిలో వాళ్ళది మూడో అంతస్తు ఇల్లు. మామగారు కాకినాడ నుంచి ఉద్యోగానికి వచ్చి కొన్నది. ఆయన పోయి చాలాకాలమైంది, ఆయన భార్య మడి మాత్రం పోలేదు. ఆ ఇంట్లో బట్టలు మూడు రకాలు. అత్తగారి బట్టలు మెషిన్ చూడవు. సుహాసిని తెల్లవారుజామున స్నానం చేసి, తడి బట్టలతోనే వాటిని చేత్తో పిండి, బాల్కనీలో పైన కట్టిన దండెం మీద కర్రతో ఆరేయాలి. ఆరాక కర్రతోనే తియ్యాలి. కృష్ణచైతన్య షర్టులు లాండ్రీకి వెళ్తాయి. ఈ మధ్య బనియన్లూ లుంగీలూ దుప్పటితో సహా సంచిలో వేసి, బషీర్‌బాగ్‌లో ఆఫీసుకి వెళ్తూ నారాయణగూడలో ఇచ్చి వెళ్తున్నాడు. బ్రాంచి మేనేజరయ్యాక దర్జా పెరిగిందనుకుంది. ఇక మిగిలినవి మెషిన్లోకి. దాన్ని కొన్న రోజు నుంచీ ఆమె ఏ పని అలసటగా ఉందన్నా ఒకటే జవాబు. "నీ కోసమే కదా మెషిన్ కొన్నాం. ఇంకా నీకు పనేముంది?"

బాల్కనీ మడి దండేనికి పోయింది కనక మెషిన్ని వంటింటికీ దేవుడి గదికీ మధ్య ఇరుకు దారిలో పెట్టారు. ముందువైపు గుండ్రటి తలుపు. ఉతకడం అవగానే ఆ తలుపు మూసెయ్యాలి. లేకపోతే దేవుడి గదికి వెళ్ళే అత్తగారి మడిచీరకి తగులుతుంది. అందరి మైలబట్టలూ ఉతికిన తలుపు. సబ్బుపొడి విషయంలోనూ అత్తగారిదే మాట. "అద్దంలోంచి నురగ కనపడట్లేదు. ఇంకో గరిటె వెయ్యి. నురగ రాకుండా ఉతకడమేమిటి, ముంచి తీసినట్టు?" నీళ్ళ విషయంలో భర్తది. "వేడినీళ్ళు పెట్టకు, కరెంటు. చిన్న ఉతుకుడు చాలు." సుహాసిని పొడి ఎక్కువ వేసేది, చన్నీళ్ళు పెట్టేది, తలుపు మూసేది. ఎవరి మాటా కాదనలేదు.

ఒక శనివారం మెషిన్లోంచి బట్టలు తీస్తుంటే, పైటకి మరిచిపోయిన పిన్నీసు జారి తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో పడింది. మోకాళ్ళ మీద కూర్చుని రెండు వేళ్ళు లోపలికి పెట్టింది. మెత్తగా, జిగటగా ఏదో తగిలింది. వేళ్ళు బయటికి తీస్తే నల్లగా వచ్చింది. తాను రోజూ ఊడ్చి తుడిచే ఇంట్లో ఇంత నలుపు ఉందా అనుకుంటూ వేళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది.

అది తన వాసనే. గోనెపట్టా వాసన. చంకలో వెతికింది, మెడలో వెతికింది, నోట్లో వెతికింది, డాక్టరు చేత రక్తంలో వెతికించింది. అది రబ్బరు మడతలో నల్లగా బూజు పట్టి కూర్చుని ఉంది.

ఆమె లేవలేదు. అక్కడే నేల మీద కూర్చుని లెక్క సరిచూసుకుంది. అత్తగారివి చేత్తో ఉతికి ఎండలో ఆరేసినవి. భర్తవి బయట ఉతికి ఇస్త్రీ చేసినవి. ఈ మెషిన్లో ఉతికిన బట్ట కట్టుకుని వీధిలోకి వెళ్ళేది ఈ ఇంట్లో తానొక్కతే. అందుకే ఒక్కతే కంపు కొట్టింది. ఇంత తేలిక లెక్క. ఎవరికీ తట్టలేదు. తనకీ తట్టలేదు. తన ఒళ్ళు చెడిందంటే ఎంత తొందరగా నమ్మింది! బట్ట చెడిందంటే ఒకసారి చూసి నమ్మేది, తన ఒళ్ళనేసరికి రుజువు కూడా అడగలేదు.

ఫోన్లో చూసింది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. పొడి ఎక్కువైతే కరగకుండా లోపల అంటుకుంటుంది, చన్నీళ్ళకి అది పోదు, తలుపు మూస్తే తడి ఆరదు, బూజు పడుతుంది. సబ్బుపొడి వేసే సొరుగు లాగి బయటికి తీసింది. వెనకంతా నీలంగా జిడ్డు, దాని మీద నల్లచుక్కలు. కింద మూలనున్న చిన్న మూత తిప్పితే బురదనీళ్ళు, వెంట్రుకలు, ఒక గుండీ. పాత బ్రష్షుతో, వంటసోడాతో రబ్బరు మడత చుట్టూ తోమింది. నిమ్మ ఉప్పు వేసి ఖాళీ మెషిన్ని వేడినీళ్ళతో తిప్పింది. తర్వాత తన చీరలన్నీ, జాకెట్లన్నీ, దుప్పట్లన్నీ మళ్ళీ ఉతికి మేడ మీద ఎండలో ఆరేసింది. సాయంత్రం ఒక్కొక్కటే ముక్కుకి ఆనించుకుని చూసింది. ఎండ వాసన తప్ప ఏమీ లేదు. రాఘవేందర్ దగ్గరికి వెళ్ళాలి, కానీ వెంటనే కాదు. కొన్నాళ్ళు చూసుకుని, మళ్ళీ రాదని ఖాయం చేసుకుని వెళ్ళాలి. మళ్ళీ రాకుండా ఉండాలంటే చెయ్యాల్సింది చాలా తక్కువ. పొడి తగ్గించాలి. ఉతకడం అవగానే బట్టలు తీసెయ్యాలి, రబ్బరుని పొడిగుడ్డతో తుడవాలి. అప్పుడప్పుడూ ఖాళీగా వేడినీళ్ళతో తిప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, తలుపు తెరిచి ఉంచాలి.

"ఇదేమిటమ్మాయ్, నోరు తెరుచుకుని?" అంది అత్తగారు మర్నాడే.

"గాలాడాలి అత్తయ్యగారూ. లేకపోతే లోపల బూజు పడుతోంది."

"పడితే తుడుచుకో. నా చీర తగిలిందంటే మళ్ళీ తడిపి ఆరేసుకోవద్దూ? ఎవరు చేస్తారు ఆ చాకిరీ?"

ఆ చాకిరీ చేసేది ఎదురుగానే ఉంది. అత్తగారు తలుపు టక్కున మూసి వెళ్ళిపోయింది. సుహాసిని వచ్చి తెరిచింది. మళ్ళీ టక్కున చప్పుడు. మళ్ళీ తెరిచింది. వంట చేస్తూ ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఉండేది. రికార్డింగ్ గదిలో గోదావరి గురించి చెబుతూ ఇంట్లో తలుపు మూసి ఉంటుందని తలుచుకునేది. మధ్యలో గుడ్డ మడిచి పెడితే గుడ్డ తీసేసి మూశారు. నిద్ర చెడింది. ఒక మనిషి బతుకంతా ఒక గుండ్రటి తలుపు మీదికి వచ్చిందని తన మీద తనకే అసహ్యం వేసింది, కానీ ఊరుకోలేకపోయింది.

"వాసన దాన్నుంచి వస్తోందండీ. నా ఒంటిది కాదు" అని భర్తకి చెప్పింది.

"ఊఁ" అన్నాడు కృష్ణచైతన్య. ఆశ్చర్యపోలేదు. ఆయన దేనికీ ఆశ్చర్యపోడు కనక ఆమె పట్టించుకోలేదు. "పెద్దావిడతో ఈ గొడవలెందుకు? ఆ తలుపేదో మూసి పారెయ్."

ఆమె మూయలేదు. చివరికి విసుగెత్తింది అత్తగారికే. హాల్లోంచి చుట్టూ తిరిగి దేవుడి గదికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆ దారి మొదటి నుంచీ ఉంది.

వాసన మళ్ళీ రాలేదు. మెట్రోలో పక్క సీటులో కూర్చున్న ఆవిడ ముక్కు చిట్లించలేదు. ముషీరాబాద్‌లో కూరలమ్మే మనిషి దగ్గరగా వంగి మాట్లాడింది. సుహాసిని అందరి ముక్కుల వంకా చూస్తూ తిరిగింది. ఇక ఖాయం అనుకుంది. సోమవారం రాఘవేందర్‌తో మాట్లాడాలని ఆదివారం భోజనాలయ్యాక మంచం మీద దుప్పటి మారుస్తూ, ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో నోట్లో అనుకుంటోంది. తలుపు దగ్గర కృష్ణచైతన్య నిలబడ్డాడు. చంకలో దిండు.

"ఏంటండీ?"

"ఆ గదిలో మధ్యాహ్నం ఎండ. ఇక ఇక్కడే పడుకుంటా."

"నా గురకో?"

"అన్నాన్లే అప్పుడేదో." దిండు మంచం మీద పడేశాడు. "ఇప్పుడు బానే ఉందిగా. కంపు పోయింది. దుప్పట్లూ గలీబులూ ఏది ముట్టుకున్నా మెషిన్ కంపే ఉండేది."

ఆమె చేతిలో దుప్పటి అంచు ఆగిపోయింది.

"అది మెషిన్‌దని మీకెప్పట్నుంచి తెలుసు?"

"తెలియకేం? షర్టులు నారాయణగూడలో ఎందుకిస్తున్నా మరి? ఊరికే డబ్బు తగలెయ్యడానికా? మా ఆఫీసులో ఒకాయనింట్లోనూ ఇంతే. ఆయనే చెప్పాడు."

"డాక్టరు దగ్గర?"

"డాక్టరేం?"

"వస్తుందా అని అడిగింది. వస్తుందన్నారు."

"వచ్చేదిగా! వస్తే రాదనమంటావా?"

"అత్తయ్యగారు అన్ని మాటలంటుంటే..."

"చెబితే ఏం చేసేదానివి? కొత్త మెషిన్ అనేదానివి, లేదా అమ్మతో ఆ తలుపు దగ్గర తగువు పెట్టుకునేదానివి. ఇప్పుడు పెట్టుకోలేదూ?"

"నాకొక్క మాట చెప్పొచ్చుగా. నా క్లాసు పోయింది."

"నువ్వెప్పుడు అడిగావు?" అన్నాడు కృష్ణచైతన్య. అది ఎగతాళి కాదు. ఆయన నిజంగానే అడిగాడు. అడిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కాసేపటికే గురక మొదలైంది. ఆయనదే.

సుహాసిని నిలబడే వింది. ఇన్నాళ్ళూ ఆయనకి తెలియలేదనుకుంది. తెలియనివాణ్ణి క్షమించవచ్చు. అత్తగారు నిజంగా నమ్మింది, రాఘవేందర్ నిజంగా నమ్మాడు, ముందు బెంచీ పిల్లలు నిజంగా భరించలేకపోయారు. ఈ మనిషి ఒక్కడే నమ్మలేదు. నమ్మకుండానే తన బట్టలు వేరు చేసుకున్నాడు, తన మంచం వేరు చేసుకున్నాడు, ఆమెని ఆ బూజులో వదిలేశాడు. ఇప్పుడు శుభ్రమయ్యాక దిండు తెచ్చుకున్నాడు. కోపం వస్తుందని చూసింది. రాలేదు. కోపం వస్తే అరవాలి, అరిస్తే ఆయన లేచి మంచినీళ్ళు అడుగుతాడు. అరవడం కూడా ఆయనకి చేసే చాకిరీలాగే అనిపించింది. దుప్పటి సగంలో వదిలేసి బయటికి వచ్చింది.

సోమవారం రికార్డింగ్ గదికి పైకెక్కకుండా నేరుగా రాఘవేందర్ గదిలోకి వెళ్ళింది. ఈసారి కుర్చీ ఆమే దగ్గరికి లాక్కుంది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలున్నాయి. మెషిన్, రబ్బరు, పొడి, బూజు, నాది కాదు. ఎదురుగా కూర్చోగానే అవన్నీ వదిలేసింది. ఎవరికో సంజాయిషీ ఇచ్చుకోవడం కూడా ఆ ఇంట్లో పట్టిన అలవాటే.

"నాకు క్లాసు కావాలి."

రాఘవేందర్ ముక్కు ఎగబీల్చాడు. ఏమీ దొరకలేదు. కాస్త తికమకపడ్డాడు. "గట్లంటే ఎట్ల మేడం? పిల్లలు అనుదీప్ సార్‌కు అలవాటైన్రు. నడుమల మారిస్తే లొల్లి అయితది."

"అది వద్దు. ఏది ఖాళీగా ఉంది?"

"ఖాళీ అంటే... పొద్దుగాల ఆరు గంటల బ్యాచ్ ఒకటి మొదలు పెడ్తున్నం. నౌకరీలు చేస్కుంటు చదివేటోళ్ళది. ఆ టైంకు ఏ సార్ వస్తలేడు." ఎవరూ లేరన్నట్టు చేతులు తిప్పాడు. "మీకైతే అసలే కుదరదు గద. మీ అత్తమ్మకు మడి, మీ సార్‌కు టిఫిన్, ఎనిమిది గాకముందు మీరు ఇల్లు దాటరాయె."

"ఇవ్వండి."

"నిజంగనే? రోజూ రావాలె మేడం. ఐదున్నరకే ఇంట్లకెళ్ళి బయటపడాలె."

"రేపటి నుంచి వస్తాను."

రాఘవేందర్ పెన్ను తీసి, రాయకుండా ఆగాడు. "ఇంట్ల ఒక మాట చెప్పిన్రా మరి? మల్ల రెండొద్దులకు వచ్చి కుదర్తలేదు అంటే నాకు పరేషాన్."

"అడిగితే చెప్తాను" అంది సుహాసిని.